పిల్లమ్మ కూర్చునే గట్టు

బెంగుళూరులో ఆ కొత్త ఎక్స్‌టెన్షన్ చివర, రాగిచేలు మొదలయ్యే చోట ఒక పాత బావి ఉండేది. పొద్దుగూకితే ఎవరూ అటు పోయేవారు కాదు. అందులో పడి చచ్చిన పిల్లమ్మ గట్టు మీద కూర్చుని తడిజుట్టు పిండుకుంటుందని చెప్పుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు — వీధిదీపాలు కూడా వెలిగేవి కావు. ఆ చీకట్లో గిలక కిర్రుమంటే చాలు, తలుపులు టపటపా మూసుకునేవి.

ఆ వీధులన్నీ ఒకప్పుడు చిన్న పల్లె. స్థలాలు కొలిచి మేడలు కట్టాక పల్లెవాళ్ళ గుడిసెలు చేల అవతలికి పోయాయి. బావి మాత్రం ఇక్కడే మిగిలింది. ఆ దెయ్యం మాట పుట్టకముందు, కూలి ముగించుకుని ఆడవాళ్ళు కడవలతో ఇటే నడిచేవారు.

ఆ నడక ఆదినారాయణప్పకు గిట్టలేదు. బళేపేటలో గాజుల అంగడి, ఇక్కడ కొత్త మేడ ఉన్న మనిషి. తన గుమ్మం ముందు ఈ కడవలేంటి? ఎప్పుడో ఆ బావిలో పిల్లమ్మ అనే పల్లెపిల్ల పడి చచ్చిందని విని ఉన్నాడు. ఒక సాయంత్రం అరుగు మీద నలుగురిలో అన్నాడు: "పిల్లమ్మను కండ్లారా చూసినానప్పా!"

అంతే. కడవలు ఆగిపోయాయి.

మరుసటి ఎండాకాలం కొళాయి ఎండింది. ఒక రాత్రి కోడలికి జ్వరం. ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. బావికి పొమ్మంటే నౌకరు "చంపినా పోను సామీ" అన్నాడు. బిందె తీసుకుని ఆదినారాయణప్పే బయల్దేరాడు. తాను అల్లిన దెయ్యమే కదా, భయమెందుకు?

గట్టు దగ్గరికి వచ్చాడో లేదో —

కిర్ర్... కిర్ర్...

తెల్లచీర. వంగిన నడుము. ఆదినారాయణప్ప రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవరప్పా? భయపడొద్దు... మనిషినే. కెంపమ్మను."

ముసలామె తన చేదతోనే ఆయన బిందె నింపింది. తర్వాత గుసగుసగా అడిగింది:

"దోవలో ఎవరన్నా కనపడిందా? తడిజుట్టు బిడ్డ?"

"లేదు... ఎందుకు?"

"పిల్లమ్మ నా కూతురు. పోయి శానా ఏండ్లాయ. ఇప్పుడు ఈడ కూర్చునుంటాదంట. అందుకే దినామూ వస్తా. నాకు ఒక్క దినమూ కనపడలా."

"అది... ఉత్త మాటమ్మా. ఎవడో పుట్టించినాడు."

కెంపమ్మ నవ్వింది. "నీకు తెలీదులే నాయనా. ఆదినారాయణప్పని పెద్ద మనిషి, కండ్లారా చూసినాడంట. అట్లాంటోళ్ళు అబద్ధం చెప్తారా? ఆయన గుమ్మం ఎక్కేదానికి ధైర్యం చాల్లేదు గానీ, అడగాలని ఉండాది... నా బిడ్డ చిక్కిపోయిందా అని."

బిందె ఎత్తి ఆయన భుజాన పెట్టింది.

"ఇంతకీ నీ పేరేందప్పా?"

ఆదినారాయణప్ప నోరు తెరిచాడు. బిందె తొణికి చల్లటి నీళ్ళు మెడ మీదుగా జారాయి...

పేరు బయటికి రాలేదు.