స్నానాల తొట్టి ఖాళీ లేదు

మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఆరింటికి బోగ్నా భుజాన తువ్వాలు వేసుకుని మెట్లు దిగేది. నాలుగో అంతస్తు ఆమెది, మూడోది వీటోల్డ్‌ది. పోలండ్‌లోని పోజ్నాన్ ఎండల్లో ఒంటిగది ఇంట బీరు కాచుకునేవాళ్లకు చల్లటి చోటు ఒక్కటే, స్నానాల తొట్టి. దాన్నిండా చన్నీళ్లు పట్టి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు పడేసి, బీరు పులిసే బకెట్టును అందులో దించాలి. ఇలాంటి ఇళ్లు కట్టినవాడు మనిషి నిద్రపోతాడనుకున్నాడు గానీ, బతుకుతాడనుకోలేదు.

మొదటిరోజు తలుపు కొట్టి ఆమే అడిగింది.

"మా తొట్టిలో బీరుంది. మీ తొట్టిలో నేనుండొచ్చా?"

"అద్దె?"

"వారానికో సీసా."

మూడు నెలలు గడిచాయి. స్నానమయ్యాక తల తుడుచుకుంటూ అతని వంటింట్లో టీ తాగేది. ఆ అరగంట కోసం వీటోల్డ్ మిగతా వారమంతా ఈడ్చేవాడు. ఆ ముక్క మాత్రం ఆమెతో అనలేదు, పిరికివాడు.

ఈ శుక్రవారం ఆరు దాటింది. ఏడూ అయింది. ఆమె రాలేదు.

అతని స్నానాలగది గాలి గొట్టం పై ఇంటి మాటల్ని ఉన్నవున్నట్టు మోసుకొస్తుంది. ముందు నీళ్ల చప్పుడు. తర్వాత మగగొంతు.

"చొక్కా మొత్తం తడిసింది, విప్పేస్తున్నా."

బోగ్నా నవ్వు.

వీటోల్డ్ తొట్టి అంచున కూలబడ్డాడు. ఆ గొంతు ట్సెజారీది, మెట్లమీద విన్నదే. ఇళ్లలో బీరు కాచుకునేవాళ్ల సంఘంలో ఆమెకు తోటివాడు. ట్సెజారీ ఈస్ట్ ఇచ్చాడు, ట్సెజారీ ఇలా కాస్తాడు అని ఆమె నోట మూడు నెలలుగా వింటూనే ఉన్నాడు. ఆ తొట్టిలో బీరుండాలిగా? అంటే వాడి స్నానం కోసం బకెట్టు ఎత్తి పక్కన పెట్టింది. అసూయ తియ్యగా ఉంటుందని రాసేవాళ్లకు అదెప్పుడూ పట్టి ఉండదు.

రెండేసి మెట్లెక్కి పైకెళ్లి తలుపు బాదాడు. ట్సెజారీ తీశాడు. ఒంటిమీద చొక్కా లేదు, చేతిలో బ్రష్షు.

"స్నానం అయిందా గురూ?"

"ఎక్కడ, ఇంకా ఇరవై ఉన్నాయి."

వీటోల్డ్ స్నానాలగదిలోకి తోసుకెళ్లి చూస్తే, తొట్టినిండా ఖాళీ సీసాలు నానుతున్నాయి. ఊడిన లేబుళ్లు నీళ్లమీద తేలుతున్నాయి. మోచేతికి ఓ లేబులంటుకుని బోగ్నా నిలబడి ఉంది.

"బీరేది?" అన్నాడు వీటోల్డ్.

"సీసాల్లోకెక్కి మూడు వారాలైందిగా," అన్నాడు ట్సెజారీ. "మూతలు బిగించే మిషను తెచ్చింది నేనే."

బోగ్నా ట్సెజారీని చూసిన చూపుకి సీసా పగలాలి.

"మూడు వారాలా? మొన్న మంగళవారం దాకా మా ఇంట్లో స్నానం చేశావ్."

"చేశాను."

"తొట్టి ఖాళీగా పెట్టుకునా?"

"పెట్టుకునే." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "మంగళవారం నువ్వేమన్నావ్? ఇంకెన్నాళ్లు పులుస్తుందీ బీరు అన్నావ్. నీకు విసుగొచ్చిందనుకున్నా. అందుకే రాలేదు."

"అయిపోతుందేమోనని భయమేసి అడిగాను బోగ్నా."

ట్సెజారీ బ్రష్షు తీసి వీటోల్డ్ చేతిలో పెట్టాడు. "పట్టు బాబూ. తొట్టి ఖాళీగా ఉన్నా మీ ఇంట చేసిన ఆరు స్నానాల కథా ఈవిడ నాకే చెప్పింది, నీకు తప్ప. నా చెవులు చిల్లులు పడ్డాయి." తడిచొక్కా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇద్దరూ ఇరవై సీసాలూ కడిగారు.

"వాడు చొక్కా విప్పాడు," అన్నాడు వీటోల్డ్ చివరి సీసా దగ్గర.

"తడిసింది."

"నాదీ తడిసింది. నేను విప్పానా?"

ఆమె నవ్వీ నవ్వీ తొట్టి అంచు పట్టుకుంది.

ఆదివారం ఆమె కొత్త బీరు కాచింది. వీటోల్డ్ అడక్కుండానే బకెట్టు మోసుకెళ్లి తన తొట్టిలో దించాడు. మంగళవారం ఆరింటికి భుజాన తువ్వాలు వేసుకుని మెట్లెక్కాడు.

బోగ్నా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అద్దె?"

"బతికున్నన్నాళ్లూ సీసాలు కడుగుతాను."

"లేబుళ్లు?"

"అవీ నేనే గీకుతాను."

ఆమె పక్కకి జరిగింది.