గాలి పీలుస్తున్న చోటు

ఆదివారం మధ్యాహ్నం చందానగర్‌లో నా షెడ్డు షట్టర్ సగం దించే ఉంటుంది. అయినా ఎవరో ఒకరు వచ్చి దాన్ని తడతారు. వారమంతా గచ్చిబౌలి ఆఫీసుల్లో కూర్చునే వాళ్ళకి కారు గుర్తొచ్చేది ఆదివారమే మరి. ఆ రోజు తెల్లాపూర్ నుంచి హేమంత్ అనే ఆయన వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ నలగని చొక్కా.

"సిగ్నల్లో ఆగితే ఇంజిన్ ఊగిపోతాంది అన్నా. స్స్ అని ఒకటే సౌండ్. రేపు ఒకాయన కొనేదానికి వస్తున్నాడు. ఆ సౌండ్ పోవాల."

"ఎన్ని రోజులాయె?"

"నెల. మా ఆవిడ సౌజన్య పోయినప్పట్నుంచి. ఈ కార్లోనే పోయింది. ఆయాసం. ఆస్పత్రికి చేరేలోపలే ఊపిరి ఆగిపోయింది."

తలూపాను. మా చెల్లె కనకమ్మ బావిలో జారిపడిందని వాళ్ళాయన చెప్పినప్పుడూ ఇలాగే తలూపాను. తాళంచెవి ఇస్తుంటే ఆయన మణికట్టు మీద గోళ్ళ గీతలు కనిపించాయి, మానుతున్నవి. మనకెందుకులే అని, షెడ్డు ముందే ఆగిన కారు బానెట్ ఎత్తాను. ముప్పై ఏళ్ళుగా మనకెందుకులే అనే బతికాను.

ఇంజిన్ తనకు పెట్టిన దారిలోనే గాలి పీల్చాలి. ఎక్కడో రబ్బరు పగిలితే దొంగ గాలి లోపలికి పోతుంది, అప్పుడే ఈ ఊగులాట. పెద్ద షోరూముల్లో దీనికి పొగ మిషన్లున్నాయి. నాకు ఊదుబత్తి చాలు. ఇంజిన్ నడుస్తుండగా గొట్టాల వెంట జరుపుకుంటూ పోతే, పొగ ఎక్కడ వంగితే అక్కడ చిల్లు. నా కుడిచేతికి చూపుడువేలు లేదు. పన్నెండేళ్ళ కింద ఫ్యాన్ బెల్టు తీసుకుపోయింది. మిగిలిన వేళ్ళతోనే ఊదుబత్తి పట్టుకున్నాను.

హేమంత్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఏసీ కోసం అద్దాలు ఎత్తుకున్నాడు.

"జర బ్రేక్ తొక్కు సార్."

స్స్స్... పొగ, గొట్టాలన్నీ దాటి సన్నగా వెనక్కి, ఆయన కాళ్ళ వైపు వంగింది. బ్రేక్ వెనకుండే డబ్బాలో రబ్బరు పొర చిరిగితే అలాగే అవుతుంది. ఇంజిన్ కారు లోపలి గాలిని పీలుస్తుంది. ఖాయం చేసుకోవడానికి ఇంకో పరీక్ష ఉంది. గాలి గొట్టం ఊడదీసి, ఇంజిన్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాలి. ఇంకెక్కడా దారి లేకపోతే ఇంజిన్ ఆగిపోతుంది. ఆగకపోతే ఎక్కడో పీలుస్తున్నట్టే.

కుడి అరచెయ్యి పెట్టాను.

ఆగలేదు. చెయ్యిని ఇంకా గట్టిగా లాక్కుంది. వెనక్కి తీయబోతే రాలేదు. లోపల ఏదో చర్మాన్ని పళ్ళతో పట్టినట్టుంది. కారు తలుపులు టక్కున లాక్ పడ్డాయి.

బానెట్ పక్కనుంచి వంగి ముందద్దంలోంచి చూశాను. హేమంత్ తల సీటుకు అదుముకుపోయి ఉంది. ముక్కు పక్కకు వంగింది. పెదాలు పళ్ళ మీద నలిగిపోయాయి. నోటి మీద ఏమీ లేదు... ఏమీ లేదు. కానీ ముక్కులోంచి వచ్చిన నెత్తురు కిందికి కారలేదు. కనపడని చెయ్యి అంచు చుట్టూ తిరిగి చెంపల మీద జారింది.

ఎడమ చేత్తో పెట్రోలు పంపు ఫ్యూజు పీకేశాను. ఇంజిన్ ఆగలేదు. బ్యాటరీ తీగ ఊడబెరికాను. ఆగలేదు. పానా అందుకుని నా మణికట్టు పక్కన బాదాను, ఒకసారి నా చేతి మీదే బాదుకున్నాను. తోలు లేచిపోయింది. చెయ్యి రాలేదు.

ఆయన తల పక్కద్దానికి కొట్టుకుంది. మళ్ళీ. మళ్ళీ. మూడోసారికి అద్దం పగిలింది. ఇంజిన్ ఒక్క క్షణం నెమ్మదించింది. ఆయనకు ఒక్క ఊపిరి దొరికింది. నా వైపు చూడలేదు. పక్కన ఖాళీ సీటు వైపు చూశాడు.

"సౌజన్యా... చెయ్యి తియ్యి..."

ఇంకా చిన్నగా...

"నువ్వు అడిగినప్పుడు నేను తియ్యలా. తప్పైంది..."

అంతే. నా చేతి మీద పట్టు వదిలింది.

నా అరచెయ్యి ఇంజిన్ నోటి మీద ఊరికే ఆని ఉంది. లోపల్నుంచి వెచ్చటి గాలి తగిలింది, తడిగా. ఇంజిన్ అటు నుంచి గాలి వదలదు. ఆ గాలిలో ఆడగొంతు...

"తియ్యకు అన్నా."

తీయొచ్చు. వేలితో తోస్తే వచ్చేస్తుంది, ఆయనకు ఊపిరి అందుతుంది. నాకు భయం వేసింది, అబద్ధం చెప్పను. కానీ తీయకుండా ఆపింది భయం కాదు. బావిలోంచి తీసినప్పుడు కనకమ్మ మెడ మీదున్న వేళ్ళ మచ్చలు గుర్తొచ్చాయి. ఆ రోజు కూడా నేను చూశాను.

తీయలేదు.

బూటు కాలు ముందద్దాన్ని తన్నింది. రెండుసార్లు... తర్వాత ఒకసారి. తర్వాత లేదు. అప్పుడు నా అరచేతి కింద ఇంజిన్ మెల్లగా ఆగిపోయింది, చిల్లు లేని ఇంజిన్ ఆగినట్టే.

పోలీసులొచ్చి, పగిలిన అద్దంలోంచి చెయ్యి పెట్టినా లాక్ రాకపోతే తలుపు విరగ్గొట్టారు. ఎదురుగా టిఫిన్ సెంటర్ కెమెరాలో నేను మొదట్నుంచీ చివరి దాకా బానెట్ దగ్గరే ఉన్నాను. బ్యాటరీ తీగ, ఫ్యూజు తగిలించి కారును స్టేషన్‌కి నడుపుకుంటూ పోయారు. శబ్దం లేదు, ఊగులాట లేదు. నేను ఒక్క వాషరు కూడా మార్చలేదు.

మూడోరోజు ఇన్‌స్పెక్టర్ మల్లయ్య పిలిపించాడు. శవం ఫొటో టేబుల్ మీద పెట్టాడు. నోటి మీద నల్లటి గ్రీజు చేతి ముద్ర.

"నీ చెయ్యి దీని పక్కన పెట్టు రామన్నా."

కట్టు విప్పి పెట్టాను. అరచెయ్యి నాదే. బొటనవేలు, మిగిలిన మూడు వేళ్ళు నావే. మల్లయ్య గొంతు తగ్గించాడు.

"మరి ఇదెవరిది?"

నాకు లేని చూపుడువేలి చోటు ఖాళీగా లేదు. అక్కడ సన్నటి వేలి గుర్తు ఉంది. దాని చివర, చెంపలోకి గోరు దిగిన గాటు.