మబ్బు రోజుల అన్నం

తెల్లారగానే రేఖ అద్దాల పెట్టెను వాకిట్లోకి లాగి, మూతను తూర్పుకు తిప్పేది. నల్లరంగు పూసిన గిన్నెల్లో బియ్యం, కందిబ్యాళ్లు నీళ్లు పోసి లోపల సర్దేది. పొద్దు జరిగేకొద్దీ పెట్టెను జరిపే పని అత్త నారాయణమ్మది. కోడలు కలుపు తీసి మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి అన్నం, పప్పు సిద్ధంగా ఉండేవి.

ఆ ఎండపొయ్యి తెచ్చిన రోజు మొగుడు ఎర్రన్న, "కోడిని పొదగేసేదానికి పనికొస్తాదిలే" అని ఎగతాళి చేశాడు. రేఖ లెక్కచేయలేదు. కంటి ఆపరేషన్ అయిన అత్తకు పొగ తగలకూడదని డాక్టరు చెప్పాడు మరి.

ఎండాకాలం పోయి శ్రావణం వచ్చింది. ఉరవకొండ వైపు మబ్బులకేం కొదవ, చినుక్కే కరువు. ఆ మబ్బుల్లోనూ అన్నం మల్లెపువ్వులా ఉడుకుతుంటే రేఖ మహిళా సంఘంలో తలెత్తుకుని చెప్పింది, "ఏడాది పొడుగునా వండుకోవచ్చు, పూచీ నాది" అని. ఆ మాట నమ్మి పక్కింటి తిప్పమ్మ మేకను అమ్మి మరీ ఒక పెట్టె కొనుక్కుంది.

ఒకరోజు చేలో రేఖతో కలిసి కలుపు తీస్తున్న తిప్పమ్మ కొడవలి పక్కన పడేసింది.

"నీ పెట్టెలో ఉడుకుతాది, నా పెట్టెలో ఉడకదు. పిల్లోళ్లకు పలుకన్నమే పెడ్తాండా. నిన్న నా మొగుడు గిన్నె ఇసిరికొట్టినాడు."

"మాటిమాటికీ మూత తీసి చూస్తాంటావు, ఇంగెట్ల ఉడుకుతాది? నీకు ఓపిక లేక పెట్టెనంటావా? రా, మా ఇంట్లో చూద్దువు."

మధ్యాహ్నం కాకముందే ఇద్దరూ వచ్చారు. వాకిట్లో పెట్టె ఖాళీగా ఉంది. కొట్టం వెనక నుంచి పొగ వస్తోంది. అక్కడ మూడు రాళ్ల మీద అదే నల్లగిన్నె. నారాయణమ్మ ఊదుగొట్టం పట్టుకుని, కారుతున్న కళ్లను కొంగుతో ఒత్తుకుంటోంది.

తిప్పమ్మ గిన్నెను చూసింది, రేఖను చూసింది. "మేక పోతే పోయింది. ఓపిక లేదని నన్నంటివి చూడు, అది మరచిపోలేను" అని వెళ్లిపోయింది.

రేఖకు ఒళ్లు మండింది. "ఎప్పట్నుంచి అత్తా?"

"మబ్బు పట్టినప్పట్నుంచీ. ఉడికినాక మసి తోమి పెట్టెలో పెట్టేదాన్ని."

"నేను ఊరంతా చెప్పుకుంటాంటే నోరు మూసుకుని కూర్చున్నావే! నమ్మించి గొంతు కోసినావు కదత్తా!"

నారాయణమ్మ తల వంచుకుంది. "తొలిరోజు బియ్యం నానిందే గాని ఉడకలా. ఎర్రన్న నిన్ను చూసి నవ్వుతాడని బయపడితి. నా కండ్ల కోసం ఒకరు ఇంట్లో కొట్లాడింది ఈ జన్మలో నువ్వొక్కదానివే అమ్మీ. నువ్వు తెచ్చింది పనికిరాదని నా నోటితో ఎట్ల చెప్పేది?"

"చెప్పుంటే నేనే పొయ్యి ముట్టిస్తాంటి కదా!"

రేఖ కోపం చల్లారలేదు. కానీ అప్పుడే అత్త ముఖం సరిగ్గా చూసింది. రెండు కళ్లూ ఎర్రగా వాచి ఉన్నాయి. పెట్టె గొప్ప చెప్పుకుంటూ ఊరంతా తిరిగిన తను, ఏ కళ్ల కోసం దాన్ని తెచ్చిందో ఆ కళ్ల వైపు ఇన్నాళ్లూ చూడనే లేదు. కొంగు తడిపి అత్త కళ్లు తుడుస్తూ వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాత గిన్నె దించి, అత్తను వెంటబెట్టుకుని తిప్పమ్మ గడపలో నిలబడింది.

"అక్కా, ఇది కట్టెల మీద ఉడికిన అన్నం. పిల్లోళ్లకు పెట్టు. నీ ఓపికలో తప్పు లేదు, నా మాటలోనే ఉండాది. మబ్బు దినాల్లో ఉడకదని సంఘంలో నేనే చెప్తా."

తిప్పమ్మ గిన్నె అందుకుంది, వేళ్లకు మసి అంటింది. నారాయణమ్మ కళ్లకేసి చూసి నిట్టూర్చింది.

"మబ్బు దినాల్లో రెండిండ్లకూ నేనే పొయ్యి ముట్టిస్తా. పెద్దమ్మను పొగలోకి పోనీయొద్దు. నీ మీద కోపం మాత్రం అట్లే ఉండాది, తెలుసుకో."

"ఉండనీ అక్కా" అంది రేఖ, కళ్లు తుడుచుకుంటూ.