ఓడలో మూసిన తలుపు

“శత్రువే! ఆ తలుపు వెనక ఉన్నది శత్రువే!” అని సారథి బండ మీద నిలబడి అరిచాడు.

బాలానగర్ ఫ్యాక్టరీ క్వార్టర్స్ వెనక పెద్ద పెద్ద బండరాళ్ళు ఉండేవి. బడి వదలగానే పిల్లలంతా వాటి మీదికి ఎక్కేవాళ్ళు. ఆటలు తర్వాత. ముందు ఓడ సీరియల్ సంగతి తేలాలి.

అప్పటికి హైదరాబాద్‌లో టీవీ వచ్చి ఎక్కువ కాలం కాలేదు. క్వార్టర్స్ మొత్తానికి క్లబ్బులో ఒకటే టీవీ. అందులో ఆదివారం సాయంత్రం ఒక ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. నక్షత్రాల మధ్య తిరిగే ఒక ఓడ, దానికో కెప్టెన్. ఆ ఓడలో ఎప్పుడూ మూసే ఉండే తలుపు ఒకటి. లోపల ఎవరో ఉన్నారు. ఎవరు? అది తెలియక పిల్లలకు అన్నం సయించడం లేదు.

వాళ్ళలో ఇంగ్లీషు మీడియం చదివేది పార్థసారథి ఒక్కడే. అందుకని టీవీ పక్కనే కూర్చుని, పిల్లల వైపు తిరిగి, “ఇప్పుడు కెప్టెన్ ఏమన్నాడంటే...” అని తెలుగులో చెప్పడం వాడి పని. అందరూ చెవులప్పగించి వినేవాళ్ళు.

నిజం చెప్పాలంటే, ఆ ఇంగ్లీషు వాడి బడి ఇంగ్లీషులా లేదు. నాలుగు మాటల్లో ఒకటి అందేది. మిగతావి వాడే అల్లేసేవాడు. బాగానే అల్లేవాడు కూడా! శత్రువు ఆ అల్లికలో పుట్టినవాడే.

“శత్రువు కాదు,” అంది నీలమ్మ. ఆమె తండ్రి ఆ ఫ్యాక్టరీలోనే వెల్డింగ్ పని చేస్తాడు. “కెప్టెన్ ఆ తలుపు కాడికి పోంగనే మెల్లగ నడుస్తడు. బూట్ల సప్పుడు గూడ రాదు. మా తమ్ముడు పండుకుంటే మా అమ్మ గట్లనే నడుస్తది.”

“అయితే?”

“అయితే లోపల పండుకున్నది చిన్నపిల్లనే. శత్రువు నిద్ర చెడుతదని ఎవడన్న ఫికర్ చేస్తడా?”

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎల్లేశం తల గోక్కుని, “గదీ నిజమే కదరా!” అన్నాడు.

సారథికి ఒళ్ళు మండింది. “నీకు ఇంగ్లీషు వచ్చా? కెప్టెన్ శత్రువని తన నోటితోనే చెప్పాడు. భాష రాని వాళ్ళు కూడా కథ చెప్పేవాళ్ళే!”

అందరూ ఘొల్లున నవ్వారు. నీలమ్మ నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇగ నేను రాను. మీరే సూస్కోండి,” అని బండ దిగి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఆమె బండల దగ్గరికి రాలేదు. శనివారం రాత్రి అన్నం తింటూ సారథి వాళ్ళ నాన్నను అడిగాడు.

“నాన్నా, పోయిన ఆదివారం నువ్వూ సీరియల్ చూశావుగా? తలుపు ముందు కెప్టెన్ ఏమన్నాడు?”

“ఏమోరా, నాకొక్క ముక్క అర్థం కాలేదు. మాటలన్నీ నమిలి మింగేస్తున్నారు.”

“అయ్యో, ఇంజనీరుగారు! మీకు ఇంగ్లీషు రాదని పైకి చెప్పకండి,” అని అమ్మ నవ్వింది.

“రాకపోతే రాదనే చెప్తాను. తెలియకుండా తెలిసినట్టు మీట నొక్కితే మెషీను ఊరుకుంటుందా?” అని నాన్న కూడా నవ్వి, పెరుగు వేయించుకున్నాడు.

సారథి మాత్రం తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని అన్నం కెలికాడు.

ఆదివారం సాయంత్రమైంది. పిల్లలంతా క్లబ్బుకు పరిగెత్తుతుంటే సారథి నీలమ్మ ఇంటికి పరిగెత్తాడు. ఆమె గడపలో కూర్చుని తమ్ముడికి మరమరాలు పెడుతోంది.

“నీలమ్మా, రా! ఇవాళ తలుపు తీస్తారేమో!”

“నాకు ఇంగ్లీషు రాదు గద. నేనొచ్చి ఏం జెయ్యాలె?”

“నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను,” అని సారథి ఆ గడప ముందే చతికిలబడ్డాడు.

అంతలో క్లబ్బులోంచి సీరియల్ మొదట్లో వచ్చే పాట వినిపించింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. లోపలి నుంచి ఆమె తల్లి సత్తెమ్మ, “పోరాదే! పిలగాడు గంతగనం పిలుస్తుండు. తమ్ముణ్ణి నేను సూస్త,” అంది. ఆ మాట పూర్తి కాకముందే ఇద్దరూ వీధి మలుపు తిరిగేశారు!

హాలు కిక్కిరిసి ఉంది. టీవీలో కెప్టెన్ తలుపు దగ్గరికి వస్తున్నాడు. మెల్లగా, చప్పుడు లేకుండా. జేబులోంచి తాళం తీశాడు. పిల్లలంతా ఊపిరి బిగబట్టారు.

తలుపు తెరుచుకుంది! చీకట్లోంచి ఒక చిన్న చెయ్యి బయటికి వచ్చింది. కెప్టెన్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాడు. వణికే గొంతుతో ఏదో చాలాసేపు చెప్పాడు.

హాలంతా గోల. “చిన్నపిల్లరా!” “మరి శత్రువేడి?” ఎల్లేశం సారథి భుజం పట్టి ఊపేశాడు. “అరే, ఏమన్నడురా? జల్ది చెప్పు!”

సారథి నాలుక చివర ఒక కథ సిద్ధంగా ఉంది. ‘అది పిల్ల కాదు, వేషం మార్చిన శత్రువు’ అంటే చాలు. అందరూ నమ్ముతారు. పరువు నిలుస్తుంది. నీలమ్మ మళ్ళీ ఓడిపోతుంది.

వాడు నీలమ్మ వైపు చూశాడు. “నాకు అర్థం కాలేదు,” అన్నాడు.

“ఏందీ?”

“అర్థం కాలేదురా! శత్రువు సంగతి కూడా నేనే కల్పించాను. కెప్టెన్ ఆ మాట అననే లేదు.” ఏడుపు వచ్చేలా ఉంది వాడికి. “నీలమ్మా, నువ్వు చెప్పు. నువ్వేం చూశావు?”

ఎల్లేశం నోరు తెరిచేశాడు. ఎవరో “ఛీ” అన్నారు. నీలమ్మ సారథి వైపు ఒక్క క్షణం చూసింది. తర్వాత టీవీ వైపు తిరిగింది.

“గా పిల్ల ఆయన బిడ్డనే ఉంటది. ఎంత ప్రేమగ పట్టుకున్నడో సూడుండ్రి,” అని, ఉన్నట్టుండి మోకాళ్ళ మీద లేచింది. “ఆగుండ్రి! వేళ్ళు సూడుండ్రి! ఐదు కాదు, ఆరున్నయ్!”

“ఆరా? ఏదీ? ఎక్కడ?” పిల్లలంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు.

“ఆరు వేళ్ళంటే...” అని సారథి అలవాటుగా అందుకోబోయాడు.

“నోరు మూస్కొని సూడరాదు!” అంది నీలమ్మ.

సారథి నోరు మూసుకున్నాడు. కళ్ళు పెద్దవి చేసుకుని ముందుకు జరిగి, ఆ వేళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.