బుధవారం కట్టిన నిమ్మకాయ

“చంద్రశేఖర్ సారు రేపు ప్రాణంతో ఇల్లు చేరాలె. గంతే నీ పని,” అన్నాడు చీఫ్ లింగమూర్తి.

చంద్రశేఖర్ మిస్సైల్ సైంటిస్ట్. బుధవారం సిద్దిపేట నుంచి టూరిస్ట్ బస్సులో నంగునూరు అవతలి రాళ్ల పార్కు చూడబోతున్నాడు. కోట్ల ఏళ్ల నాటి గుండ్లు, వాటి నడుమ ఆదిమానవుల సమాధులు. ఆయన్ని అక్కడే లేపెయ్యాలని ఒక విదేశీ ముఠా దిగింది.

“కవర్‌కు నీ బిడ్డను తీస్కపో. చిన్నపిల్ల పక్కనుంటే ఎవ్వడూ అనుమానపడడు.”

ఏజెంట్ ప్రవీణ ఆయన కళ్లలోకి సూటిగా చూసింది. “మీ మనుమరాలిని పంపుతరా సర్?”

చీఫ్ ఫైల్ మూశాడు. “పొద్దుగాల బస్సు కాడుండు.”

పార్కులో గైడ్ వేషంలో ఉన్నది సింధూజ. విదేశంలో పెరిగి, ఈ మధ్యే ఏజెన్సీలో చేరిన అందగత్తె.

“గుండ్లు వేడెక్కాయి,” అంది సింధూజ.

“నీడ పడితే చల్లారుతయ్,” అంది ప్రవీణ. కోడ్ కలిసింది.

“పాపను కూడా తెచ్చావా? పాపం,” అని నవ్వింది సింధూజ. ఆ నవ్వు ప్రవీణకు ముల్లులా గుచ్చుకుంది.

సాయంత్రం దాకా ఏమీ కాలేదు. అందరూ బస్సెక్కారు. ప్రవీణ బిడ్డ సాత్విక ముందు సీట్లో, సైంటిస్ట్ పక్కనే కూర్చుంది. ఆఖరున ఎక్కబోతూ ప్రవీణ ఆగిపోయింది. బస్సు ముందర పొద్దున ఎండిపోయి వేలాడిన దిష్టి నిమ్మకాయ ఇప్పుడు పచ్చగా నిగనిగలాడుతోంది!

“మల్లేశం, గిదెవరు కట్టిన్రు? ఇయ్యాల శనివారం కాదు, అమాస కాదు.”

“గైడమ్మ కట్టింది మేడం,” అన్నాడు డ్రైవర్. “కట్టినదాన్ని ఇప్పుడు తెంపితే అరిష్టమని ఊకున్న.”

ప్రవీణ గిర్రున తిరిగింది. దూరంగా గుండు చాటున సింధూజ. చేతిలో ఫోన్. స్క్రీన్ మీదికి దిగుతున్న బొటనవేలు.

“ముట్టకున్రి మేడం!” మల్లేశం కేక పెడుతుండగానే ప్రవీణ దిష్టికాయను తెంపేసింది. నిమ్మకాయ కాదది, ఇనుప ముద్దంత బరువు! ఒంట్లో బలమంతా కూడదీసుకుని పక్కనున్న పాత క్వారీ గుంతలోకి విసిరింది. నీళ్లను తాకకముందే అది పేలింది. బస్సు అద్దాలు గల్లుమన్నాయి.

సింధూజ పిస్టల్ తీసింది. ప్రవీణ చేతికందిన రాయి విసిరి ఆమె మణికట్టు పగలగొట్టింది. ఆ పార్కులో రాళ్లకు కరువా?

సంకెళ్లు వేసి, పరుగున వెళ్లి బిడ్డను గుండెకు హత్తుకుంది.

“మూడేళ్లు ట్రైనింగ్ ఇచ్చారు మావాళ్లు నాకు,” పళ్లు నూరింది సింధూజ. “మీ భాష, మీ చీరకట్టు, అన్నీ.”

“ఏ పని ఏ వారం చెయ్యొద్దో చెప్పలే గదా! ఈసారి ట్రైనింగ్‌కు మా అత్తను పెట్టుకోమను. జీతమడగది. తిట్టుడు మాత్రం ఆపది.”