స్పీకర్ లేని ఫోను

శుక్రవారం పొద్దున కోడలు అవాతిఫ్ కుస్‌కుస్‌ను ఆవిరికి పెడుతుండగా ఫోను మోగింది. గాబెస్‌లో కాపురముంటున్న ఆడపడుచు సిహామ్.

అత్తగారు మన్నూబియాకు రెండు చెవులకూ వినికిడి మిషన్లే. ఫోను చెవికి ఆనించిందంటే కుయ్యిమని ఈల. అందుకే కొడుకు మున్సిఫ్ ఏడాదిగా స్పీకర్ పెట్టి ఫోను బల్లమీద ఉంచుతున్నాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి "లాబాస్? లాబాస్?" అని క్షేమం అడుగుతారు. సిహామ్ కూడా "లాబాస్, అంతా బాగే" అంటుంది. తల్లీకూతుళ్ల ముచ్చట అక్కడితో సరి.

ఇవాళ మన్నూబియా చెయ్యి చాచింది. "ఇటివ్వు. నా గదిలో మాట్లాడుకుంటా."

"ఈల వేస్తుందత్తా! వీధంతా లేచి కూర్చుంటుంది" అని నవ్వింది అవాతిఫ్.

"మనింట్లో దాపరికాలేంటమ్మా?" మున్సిఫ్ ఫోను వదల్లేదు.

"నా కూతురితో మాట్లాడ్డానికి నీ సెలవు కావాలిట్రా?" అని లాక్కుని తలుపేసుకుంది.

పక్కింటావిడదీ మిషన్ల చెవే. ఆవిడ చెప్పినట్టే తలగుడ్డ వదులు చేసి, ఫోనును చెవి రంధ్రం దగ్గర కాకుండా చెవి వెనక మిషన్ దగ్గర, కాస్త ఎడంగా పట్టుకుంది. ఈల రాలేదు. కూతురి ఊపిరి కూడా వినిపించింది.

"అమ్మా, స్పీకరుందా?"

"లేదు తల్లీ. నేనొక్కదాన్నే."

అవతల ఏడుపు కట్టలు తెంచుకుంది. "మా ఆయన కొడుతున్నాడమ్మా. అన్నయ్యకు ఎప్పుడో చెప్పాను. నూనె గానుగలో వాళ్లిద్దరూ భాగస్తులాయె. అమ్మకు చెప్పకు, తట్టుకోలేదన్నాడు. ఎప్పుడు చేసినా అన్నయ్య స్పీకర్ పెట్టుకుని ఎదురుగా ఉంటాడు. నేనేం చెప్పను?"

మన్నూబియా తలుపు తీసింది. తల్లి మొహం చూడగానే మున్సిఫ్‌కు అర్థమైంది.

"కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందమ్మా. ఈ గానుగే మనకు..."

"నాకంటే చెవుడు. చెల్లెలు దెబ్బలు తింటున్నానని చెబితే వినడానికి నీకేమొచ్చిందిరా?"

అవాతిఫ్ పొయ్యి కట్టేసింది. "నాక్కూడా చెప్పలేదే మీరు! ఆవిడ ఏడుపు గొంతులో దాచుకుంటుంటే నేను బల్ల దగ్గర నవ్వుతూ కూర్చున్నానా?"

మున్సిఫ్ కళ్లు తుడుచుకుని కారు తాళాలు అందుకున్నాడు. మన్నూబియా అతన్ని ఓదార్చలేదు. కూతురు "బాగే" అన్నప్పుడల్లా తనూ నమ్మి, హాయిగా భోజనానికి లేచేది. ఆ తిన్న తిండంతా ఇప్పుడు విషమనిపించింది. ఫోను మళ్లీ చెవి వెనక పెట్టుకుంది.

"బట్టలు సర్దుకో తల్లీ, వస్తున్నాం. ఇంకొక్క మాట. ఇకమీదట నాతో లాబాస్ అనకు."