పక్కగది దాకా వినపడే కీబోర్డు

“ఆ టకటక బంద్ చెయ్యవే! అత్త ఏమన్నదో వినపడలే!” టీవీ ముందు నుంచి అరిచింది రత్నాబాయి.

“నీ సీరియల్‌ల అత్త నిన్న గూడ అదే అన్నది అమ్మా,” అంది రుతుజ, వేళ్ళు ఆపకుండా.

రత్నాబాయి టీవీ సౌండు పెంచింది. కూతురు మీటలను ఇంకాస్త గట్టిగా కొట్టింది. దాంతో స్పేస్ మీట ఊడి, ఎగిరి పప్పుగిన్నెలో పడింది.

ముంబై కామాఠిపురలో, వరుస గదుల చాల్‌లో వాళ్ళది ఒక్కటే గది. వంట, పడక, డాక్టర్ల రికార్డింగులు విని టైపు చేసే రుతుజ ఉద్యోగం, అన్నీ అందులోనే. కొత్త కీబోర్డు కోసం ఆ సాయంత్రమే రితేశ్ పనిచేసే కంప్యూటర్ దుకాణానికి వెళ్ళింది. రితేశ్ ధారావి నుంచి వచ్చి, పక్కగదిలో మేనత్త దగ్గర దిగి ఇంకా ఏడాది కాలేదు. రెండు గదుల మధ్య గోడంటే చెక్క పలకే.

“వైర్‌ది తీస్కో. నడుమల చార్జింగ్ అయిపోయే పరేషాన్ ఉండదు,” అన్నాడు రితేశ్. “దీని మీటల కింది స్విచ్‌లు నచ్చకుంటే పీకి వేరేవి పెట్టుకోవచ్చు.”

“చప్పుడొచ్చేవి పెట్టియ్యి.”

“సైలెంట్ తీస్కో. మీ అమ్మకు మంచిది, మా గోడకు గూడ మంచిది.”

“కీబోర్డు నాకా, నీ గోడకా?”

మాట అన్నదే గాని, ఇంట్లో రోజూ పోరెందుకని సైలెంట్‌వే తెచ్చుకుంది. రత్నాబాయి మురిసిపోయింది. రుతుజకే సుఖం లేదు. మీట పడిందో లేదో వేలికి తెలియక తప్పుల మీద తప్పులు దొర్లాయి.

ఆ వారంలోనే, జల్లు కొడుతుంటే గదుల ముందు గ్యాలరీలో బట్టలు తీస్తున్న రుతుజకు రితేశ్ ఎదురుపడ్డాడు.

“నౌకరీ పోయిందా?” భయంభయంగా అడిగాడు.

“ఎవరన్నరు?”

“చప్పుడు లేదు గదా. పొద్దుగాల నీ టకటక వినుకుంట చాయ్ తాగేటోణ్ని. ఇప్పుడు చాయ్ గూడ చప్పగుంది.”

“సైలెంట్ అంటగట్టింది ఎవరు?”

“నేనే. పాగల్ గాన్ని.”

వచ్చిన నవ్వును దాచడానికి రుతుజ తడి దుప్పటిని అడ్డం పెట్టుకుంది.

ఆదివారం పొద్దున రితేశ్ చప్పుడొచ్చే స్విచ్‌ల డబ్బాతో వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. అతను పాతవి పీకుతుంటే ఆమె కొత్తవి నొక్కుతోంది.

“నిటారుగ పెట్టు, పిన్ను వంగుతది.”

“నాకు తెల్వదా?”

అన్నంతలోనే వంగింది. దాన్ని సరిచేసే సాకుతో రెండు తలలూ దగ్గరయ్యాయి. చివరి మీట టక్‌మన్నాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, చూపు తిప్పడం మరిచిపోయారు. పొయ్యి దగ్గరున్న రత్నాబాయి అది చూడనే చూసింది.

ఆ చాల్‌లో ఒక ఆనవాయితీ ఉంది. ఒకే మజ్లాలో, అంటే ఒకే అంతస్తులో ఉండే ఆడపిల్లలు, ఆ మజ్లాలోని మగపిల్లలందరికీ రాఖీ కడతారు. ఒకసారి రాఖీ ముడి పడితే ఇక వాళ్ళ మధ్య ప్రేమ, పెళ్ళి అన్న మాటకే తావుండదు.

రితేశ్ గడప దాటగానే రత్నాబాయి అంది, “రేపు రాఖీ. ఆ పిల్లగానికి గూడ కట్టు. అన్న లెక్క.”

రుతుజ గబగబా గ్యాలరీలోకి నడిచింది.

“రేపు చెయ్యి చాపుతవా?” అడిగింది రితేశ్‌ను.

సంగతి అర్థమై అతను తెల్లబోయాడు. “ధారావికి ఉరుకుత. లేకుంటే చేతికి ప్లాస్టర్ ఏయించుకుంట.”

“ఏటేటా ఏయించుకుంటవా? దాక్కునుడు నాకు రాదు. దిల్‌ల ఉన్నది మొకం మీద చెప్పు.”

రితేశ్ ఒకడుగు దగ్గరికొచ్చాడు. “నువ్వంటే పానం రుతూ. నీ రాఖీ నాకొద్దు.”

“బస్. మిగిలింది నేను చూస్కుంట.”

మధ్యాహ్నం తండ్రి ముత్తయ్య, రంగుల పని మేస్త్రీ, కంచం ముందు కూర్చున్నాడు. రత్నాబాయి జొన్నరొట్టెలు వడ్డించి, రాఖీల పొట్లం విప్పి, ఒకటి తీసి రుతుజ ముందు పెట్టింది.

“ఇది రితేశ్‌ది.”

“నేను కట్టను,” అంది రుతుజ.

“మజ్లాల నలుగురు ఏమనుకుంటరే?”

“అనుకోనియ్యి.”

ముత్తయ్య చేతిలో రొట్టెముక్క ఆగిపోయింది. “ఎందుకు కట్టవు బిడ్డా?”

రుతుజ తల దించలేదు. పక్కగదికి వినపడుతుందని గొంతూ తగ్గించలేదు.

“నేను రితేశ్‌ను పెళ్ళి చేసుకుంట బాపూ. మీరొప్పుకుంటే మీ చేతుల మీదనే చేసుకుంట. ఒప్పుకునేదాక ఆగుత. గని రేపు ఎవరు చెప్పినా, అతని చేతికి నా రాఖీ పడదు.”